ఫిల్మ్ సిటీ పేరెత్తితే మొహం ముడుచుకునే పిల్లలు, అదే కావాలనే పెద్దలు: దసరా ట్రిప్పు ఎలా వేయాలి?

ప్రశ్న: బెజవాడమ్మ

దసరా సెలవుల్లో ఐదు రోజుల ట్రిప్పు. ఉండేది విజయవాడ. వెళ్ళేది ఐదుగురం: మేమిద్దరం, ఇంటర్ ఫస్టియర్ అబ్బాయి (16), ఎనిమిదో తరగతి అమ్మాయి (13), మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు (68). ఐదు సీట్ల కారుంది, నేనూ నడుపుతాను. ఖర్చు అరవై వేలు దాటకూడదు. జూనియర్ కాలేజీ వాళ్ళిచ్చే సెలవులు స్కూలు సెలవులకన్నా తక్కువ కాబట్టి తేదీలన్నీ అబ్బాయి సెలవుల లెక్కే.

మావారికీ అత్తగారికీ రామోజీ ఫిల్మ్ సిటీ అంటే ప్రాణం. పిల్లలిద్దరూ ససేమిరా అంటున్నారు. "మీరెళ్ళి రండి, నేను ఇంట్లో ఉంటా" అని వాడు. అమ్మాయి అయితే ఏమీ అనదు, తల ఫోన్లోకి దించేస్తుంది.

అడిగేవి మూడు. ఫిల్మ్ సిటీని ఉంచి, పిల్లలకీ ఏదో ఒకటి కలిపే దారి ఉందా? అది మానేస్తే ఐదుగురికీ సరిపడేది ఏది? 16 ఏళ్ళవాణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళొచ్చా?

జవాబు 1: పెద్దంబర్‌పేట చౌరస్తా

మీరొచ్చేదే విజయవాడ హైవే మీదికెల్లి కాబట్టి మీకొక సౌలత్ ఉందమ్మా. ఫిల్మ్ సిటీ ఎన్‌హెచ్ 65 మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, హైదరాబాద్ లోపలికి రాకముందే వస్తది. మీ ఇంటి నుంచి సుమారు 240 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకొస్తే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగుల్తది, అది ఎగ్జిట్ 11. దాని మీద శంషాబాద్ దిక్కు పోతే 12 బొంగ్లూర్, 13 రావిర్యాల. రావిర్యాల దగ్గర దిగితే వండర్‌లా, రైడ్లుండే పెద్ద పార్కు. రెండే ఎగ్జిట్లు. అంటే ఒకే రోజు మీవారూ అత్తమ్మా ఫిల్మ్ సిటీల, మీరూ పిల్లలూ వండర్‌లాల. రాత్రికి అందరూ ఒకే హోటల్ల పండుకోవచ్చు.

లెక్క ఇట్ల పెట్టుకోండ్రి. ముందు రోజు సాయంత్రానికే హయత్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఎక్కడన్న దిగండి. మాదాపూర్ల రూమ్ తీసుకుంటే పొద్దున సిటీ మొత్తం దాటి రావాలె, గంటన్నర ట్రాఫిక్‌కే పోతది. ఫిల్మ్ సిటీ 9 గంటలకు మొదలైతది, వండర్‌లా 11 ప్రాంతంల తెరుస్తరు. ఈ రెండు గంటల తేడానే మీకు కలిసొచ్చేది. ముందు పెద్దోళ్ళను ఫిల్మ్ సిటీ గేటు దగ్గర దింపండి. లోపల అంత తిప్పేది వాళ్ళ బస్సులే, అత్తమ్మకు కారు పనే లేదు. అదే కార్ల మీరు ముగ్గురు రావిర్యాల పోండి. కారు మాత్రం మీ దగ్గరే ఉండాలె, ఎందుకంటే సాయంత్రం పార్కు మూసే టైముకు అందరూ ఒక్కసారే బయటికొస్తరు, ఆ మూలకు క్యాబ్ దొరకడం కష్టం, దొరికినా క్యాన్సిల్ చేస్తరు.

ఇగ వండర్‌లా లోపల చాలామంది చేసే తప్పు చెప్తా. గేటు తెరవంగనే నీళ్ళ దిక్కు ఉరుకుతరు. నీటి రైడ్లు నడిచేదే తక్కువ గంటలు, పొద్దుగాల తెరిచి ఉండవు. కాబట్టి లోపలికి పోయిన మొదటి గంటల పెద్ద రైడ్లు పూర్తి చేయాలె. మొదలు రీకాయిల్: ముందుకు తీస్కపోయి, అదే పట్టాల మీద వెనక్కి ఉల్టా తెచ్చే కోస్టర్. పొద్దున ఖాళీగ ఉంటది, మధ్యాహ్నానికి లైను పాములెక్క పెరుగుతది. నీళ్ళు తెరిచినంక జనం అటు మళ్ళుతరు, అప్పుడు ఇటు డ్రై రైడ్లు ఇంకో రెండు కొట్టి, తర్వాత మీరు తడవండి. తడిబట్టలతో మళ్ళ డ్రై రైడ్ ఎక్కుడు కుదరదు, అందుకే ఈ వరస.

బట్టలు: నీళ్ళల్ల కాటన్, జీన్స్ నడవయి. నైలాన్, లైక్రా స్విమ్మింగ్ డ్రెస్ ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ కొంటే డబ్బులు దండుగ. అబ్బాయికి అద్దాలుంటే వెనకకెల్లి కట్టే బెల్టు ఒకటి తెండి, లేకుంటే పెద్ద రైడ్ల దగ్గర అద్దాలు తీసి పట్టుకొని నిలబడుడే అయితది. టికెట్టు వయసు చూసి కాదు, ఎత్తు చూసి ఇస్తరు, మీ పిల్లలిద్దరికీ పెద్దల టికెట్టే పడ్తది. దసరా రోజుల్ల ధర ఎక్కువుంటది, ఆన్‌లైన్ల ముందే తీసుకోండి. ఫాస్ట్‌ట్రాక్ అని లైను తప్పించే టికెట్టు ఒకటుంది, మామూలు దానికన్నా బాగా ఎక్కువ. వీక్‌డే పోతే అది అక్కర్లేదు, సెలవుల నడుమల ఆదివారం పోతే మాత్రం ఆలోచించండి.

ఇంకో మాట. పండుగ ముందు హైదరాబాద్ నుంచి ఆంధ్ర దిక్కు బండ్లు బారులు కడ్తయి, పంతంగి టోల్ దగ్గర చూడాలె ఆ తమాషా. మీరు ఎదురు దిక్కు వస్తున్నరు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మీకు రోడ్డు ఖాళీగనే ఉంటది.

జవాబు 2: సెలవుల లెక్క

పైన చెప్పిన ప్లాను బాగుంది, కానీ అది ఒక్క రోజుకి. మిగతా నాలుగు రోజులు అదే కథ మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి పిల్లలు వద్దంటున్నది ఏమిటో ముందు విడదీసి చూడండి.

ఫిల్మ్ సిటీలో రోజు ఎలా గడుస్తుందో ఒకసారి కాగితం మీద వేయండి: బస్సెక్కు, దిగు, నిలబడు, షో చూడు, మళ్ళీ బస్సెక్కు. ఏ టైముకి ఏ షో అన్నది వాళ్ళే పెడతారు. మోకాళ్ళ నొప్పులున్న 68 ఏళ్ళావిడకి ఇంతకన్నా సుఖమైన చోటు లేదు. ఎక్కడికక్కడ కూర్చోవచ్చు, ఎవరో ఒకరు తీసుకెళ్తారు. ఎనిమిదేళ్ళ పిల్లకి ప్రతిదీ వింతే. పదహారేళ్ళవాడికి మాత్రం ఇది ఎనిమిది గంటలు అమ్మానాన్నల వెనక బ్యాగు మోస్తూ తిరగడం. వాడు తప్పించుకుంటున్నది సినిమా సెట్ల నుంచి కాదు, ఆ ఎనిమిది గంటల నుంచి. ఈ తేడా పట్టుకోకుండా వేరే ఊరు మార్చినా లాభం లేదు, ఊటీలో కూడా అదే మొహం చూస్తారు.

ఐదుగురూ కలిసి ఫిల్మ్ సిటీకే వెళ్ళాల్సి వస్తే లోపల సాహస్ అని అడ్వెంచర్ జోన్ ఒకటి ఉంది. తాళ్ళ మీద నడక, ఏటీవీ బళ్ళు, పెయింట్‌బాల్, గురిచూసి కొట్టే ఆటలు అక్కడ. దానికి టికెట్టు వేరు, మామూలు టూర్ టికెట్టుతో కలిసి రాదు. చాలామంది గేటు దగ్గరికెళ్ళాక ఈ సంగతి తెలుసుకుని "ఇంకా డబ్బులా" అని వదిలేస్తారు. ముందే లెక్కలో పెట్టుకోండి.

ఇక అడిగే పద్ధతి. "ఎక్కడికెళ్దాం రా?" అంటే "ఏమో" అనే వస్తుంది. దాని బదులు రెండు పూర్తి ప్లాన్లు కాగితం మీద పెట్టండి: బయల్దేరే టైము, కూర్చునే గంటలు, నడిచే గంటలు, ఖర్చు. ఐదుగురిలో ప్రతి ఒక్కరికీ ఒక్క కొట్టివేత హక్కు. కారణం చెప్పక్కర్లేదు, ఒక్క అంశం మీద గీత గీసేయొచ్చు. అత్తగారికీ ఉంటుంది ఆ హక్కు. గీతలన్నీ పడ్డాక మిగిలింది ట్రిప్పు. పిల్లలు స్కూబా (గాలి సిలిండర్‌తో నీళ్ళ కిందికి దిగడం) లాంటిదేదైనా అడిగితే, మీవారు గీత గీసే హక్కుని దాని మీద వాడకుండా చూసుకోండి, అది తర్వాత పదేళ్ళు వినాల్సి వస్తుంది.

నిద్ర సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఈ వయసులో నిద్రపుచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, పెద్దవాళ్ళకన్నా గంటా రెండు గంటలు వెనక. పదింటికి పడుకోమంటే పడుకోలేరు, అది పొగరు కాదు. పన్నెండింటికి పడుకున్నవాణ్ణి ఐదింటికి లేపితే ఆ రోజంతా కార్లో ఎవరి మాటా ఎవరికీ పట్టదు. ఐదు రోజుల్లో ఒక్కటంటే ఒక్క పొద్దే పెందరాళే లేవాలి. అది ఏ రోజో మొదటే చెప్పేయండి.

గదులు రెండు తీసుకోండి. ఐదుగురికి ఒక్క బాత్రూమ్, మనిషికి ఇరవై నిమిషాలంటే వంద నిమిషాలు, ఎనిమిదింటికి బయల్దేరాలంటే మొదటివాళ్ళు ఆరుకి లేవాలి. గొడవలన్నీ మొదలయ్యేది ఇక్కడే. ఒక గదిలో మీరు, అత్తగారు, అమ్మాయి. ఇంకోదాంట్లో తండ్రీకొడుకులు. హోటళ్ళలో పన్నెండు దాటితే చాలాచోట్ల పెద్దవాళ్ళ కిందే లెక్క, కాబట్టి "పిల్లలు ఇద్దరు" అని బుక్ చేసి అక్కడ ఎక్స్‌ట్రా బెడ్డు డబ్బులు కట్టకండి. గది రోజుకి మూడున్నర వేలనుకుంటే నాలుగు రాత్రులకి ఇరవై ఎనిమిది వేలు. మీ అరవైలో దాదాపు సగం. మిగతాది బండికి, తిండికి, టికెట్లకి సరిపోతుంది, హోటల్ని పెంచితే మాత్రం సరిపోదు.

ఒక పూట పిల్లలదే చేయండి. మూడు వేలు చేతికివ్వండి. భోజనం, ఆటో, టికెట్లు అన్నీ వాళ్ళే చూసుకోవాలి, మీరు వెంట నడుస్తారంతే. మిగిలితే వాళ్ళకే. మధ్యాహ్నం మూడింటికి మ్యాగీ తిన్నా మాట్లాడకూడదు. ఫొటోల విషయంలో కూడా ఒక ఒప్పందం: చోటుకి ఒక్క గ్రూప్ ఫొటో. "ఇంకొకటి, ఇటు తిరుగు, నవ్వు" అన్నది ఈ వయసుకి ఎంత చిరాకో చెప్పలేం.

పదహారేళ్ళవాణ్ణి ఐదు రోజులు ఒంటరిగా ఇంట్లో వదలడం వద్దు. బాబాయి ఇంట్లోనో పిన్ని ఇంట్లోనో ఉంచడం కుదురుతుంది, కానీ వాడు రాకపోతే అమ్మాయికి తోడు పోతుంది, అప్పుడు ఆ పిల్ల కూడా రానంటుంది. వాడి కాలేజీ వాళ్ళిచ్చిన హోమ్‌వర్క్ ఉంటుంది కదా, రోజుకి గంట రాత్రి భోజనం తర్వాత అని ముందే ఖాయం చేయండి. లేకపోతే చివరి రోజు కార్లో రికార్డులు బయటికొస్తాయి.

జవాబు 3: పెన్నాగట్టు

గండికోట, బెలూం గుహలు చూడండి. గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ ఈ వయసు పిల్లలకి ఎంత చూపినా చాలదు. పక్కనే హరిత హోటల్, టెంట్లు, కయాకింగ్. బెలూం అక్కడికి ఓ 60 కిలోమీటర్లు. గుహ పొడవు మూడు కిలోమీటర్లకు పైన, మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకా.

జవాబు 4: సెలవుల లెక్క

పెన్నాగట్టు గారూ, మంచి చోటే, కానీ అత్తగారితో కాదు. బెలూంలో మెట్లు దిగి, కొన్నిచోట్ల వంగి నడవాలి. లోపల ఉక్కకి పిల్లలకే చొక్కాలు తడిసిపోతాయి. గండికోట అంచున చాలాచోట్ల కంచె ఉండదు. సెల్ఫీ కోసం ముందుకు జరిగే పదమూడేళ్ళ పిల్లని చూస్తూ కూర్చోవాలా, వెనక రాళ్ళ మీద అత్తగారి చెయ్యి పట్టుకోవాలా? పెద్దవాళ్ళు లేకుండా నలుగురే వెళ్ళేటప్పుడు పెట్టుకోండి.

బెజవాడమ్మ

అందరికీ థ్యాంక్స్. కొట్టివేతలు అయిపోయాయి. అబ్బాయి ఫిల్మ్ సిటీ కొట్టేశాడు, మావారు గోవా కొట్టేశారు, అత్తగారు "కొండలెక్కడం" అని రాసి కొట్టేశారు. మిగిలింది వైజాగ్–అరకు. అత్తగారు ఆ అరకు రైలెక్కాలంటున్నారు, పిల్లలు స్కూబా అంటున్నారు. మొదటి రోజు వైజాగ్, రెండో రోజు పొద్దున స్కూబా, మధ్యాహ్నం కార్లో అరకు, రెండు రోజులు అక్కడ, ఐదో రోజు వెనక్కి. ఇది నడుస్తుందా?

జవాబు 5: ఘాట్‌రోడ్డు

ప్లాను తలకిందులుగా ఉందండీ. స్కూబా చివరికి పోవాలి, అరకు ముందుకి రావాలి.

కారణం ఇది. నీళ్ళ కింద పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. ఆలోగా గాలి ఒత్తిడి తక్కువున్న చోటికి వెళ్తే బుడగలు కట్టే ప్రమాదం ఉంది. అందుకే ఒక్క డైవ్ చేసినా కనీసం 12 గంటలు విమానం ఎక్కొద్దంటారు. కొండలెక్కడానికీ ఆ లెక్కే. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, దారిలో అనంతగిరి దగ్గర ఘాట్ ఇంకా పైకి వెళ్తుంది. వైజాగ్ రుషికొండ బీచ్ దగ్గర మొదటిసారి వాళ్ళని దింపేది లోతు తక్కువ నీళ్ళలోకే, అయినా ఈ నియమంతో ఆటలాడొద్దు. ముందు కొండ, తర్వాత సముద్రం, ఆపైన విజయవాడ రైలు. అది సమతలమే కాబట్టి బాధ లేదు.

కారు కూడా మానేయండి. విజయవాడ నుంచి వైజాగ్ 350 కిలోమీటర్లు, పైన ఘాట్. ఐదు సీట్లలో ఐదుగురూ, సామాన్లూ, వెనక సీటు నడుమ అమ్మాయి. రోడ్డు మలుపుల్లో కడుపులో ఎక్కువ తిప్పేది వెనక సీట్లో వాళ్ళకే.

మొదటి రోజు: మధ్యాహ్నం విజయవాడలో జన్మభూమి ఎక్కితే రాత్రికి వైజాగ్. కూర్చునే సీట్లే, పగటి రైలు, అత్తగారికి సుఖం. మర్నాడు పొద్దున్నే కిరండూల్ రైలు (అరకు మీదుగా వెళ్ళేది) పట్టేద్దామని మాత్రం అనుకోకండి. అది వైజాగ్‌లో ఏడింటిలోపే బయల్దేరుతుంది. రాత్రి దిగి, తిని, గదికెళ్ళి పడుకునేసరికి పన్నెండు. చాలా కుటుంబాల ట్రిప్పు ఈ ఒక్క రాత్రి దగ్గరే చెడుతుంది.

రెండో రోజు: తీరిగ్గా లేవండి. ఈ రోజే పిల్లల పూట పెట్టుకోండి. మధ్యాహ్నం తర్వాత ఆర్కే బీచ్ దగ్గర కురుసుర సబ్‌మెరైన్. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన నిజం జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం. సోమవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి కాలు ఎత్తి దాటాలి, తల వంచాలి. అత్తగారిని లోపలికి తీసుకెళ్ళొద్దు. ఒకరు ఆవిడతో బీచ్ వైపు కూర్చోండి, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు అక్కడే ఉంటారు. ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం, అబ్బాయికి ఇదే ఎక్కువ నచ్చొచ్చు. సాయంత్రం కైలాసగిరి రోప్‌వే, పైన చిన్న రైలు. రెంటిలోనూ కూర్చోవడమే కాబట్టి అత్తగారు గీసిన గీతకి అడ్డురాదు. సముద్రంలోకి మాత్రం మోకాలు దాటి దిగనివ్వకండి. ఆర్కే బీచ్ దగ్గర లోపలికి లాగే ప్రవాహం పైకి కనిపించదు, ఈతొచ్చినవాళ్ళని కూడా తీసుకుపోతుంది.

మూడో రోజు: మీకున్న ఒకే ఒక్క పెందరాళే లేచే రోజు. కిరండూల్ రైలు. ఎస్.కోట దాటాక కొండ మొదలు, ఆ తర్వాత సొరంగం వెంట సొరంగం. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెకి సీటు దొరికితే సరి, లేకపోయినా కిటికీ పక్కన మామూలు సీటు చాలు. ఇంకా చెప్పాలంటే తెరిచిన కిటికీలో వచ్చే గాలి అద్దంలో రాదు.

బొర్రా దగ్గర ఇలా చేయండి. రైలు బొర్రా గుహలు స్టేషన్లో ఆగేది కొద్ది నిమిషాలే. మీరూ పిల్లలూ చేతిసంచీతో దిగిపోండి. సామానూ, అత్తగారూ, మీవారూ అదే రైల్లో అరకు వెళ్ళి గదిలో దిగుతారు. గుహలోకి మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి, ఆవిడకి కుదరదు. పిల్లలకి గంట, గంటన్నర పడుతుంది. రబ్బరు స్లిప్పర్లు వద్దు, పట్టు ఉన్న బూట్లు వేయండి. బయట కోతులు ఎక్కువ. చిప్స్ ప్యాకెట్టు చేతిలో కనబడితే చాలు లాక్కుంటాయి, ఫోనుని కూడా తినేదే అనుకుంటాయి. అక్కడి నుంచి అరకుకి జీపు మాట్లాడుకోండి. బేరం ఆడేటప్పుడు ఎక్కడెక్కడ ఆగాలో పేర్లు చెప్పి మరీ ఆడండి: కటికి జలపాతం, గాలికొండ వ్యూ పాయింట్, కాఫీ తోటలు. "అరకు దాకా" అని మాత్రమే అంటే మధ్యలో ఆపిన చోటల్లా డబ్బులు పెరుగుతాయి. కటికికి వెళ్ళే దారి గతుకులు, నడక కూడా ఉంది, అది పిల్లల ఓపికని బట్టి.

కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళకి అవోమిన్ లాంటి మాత్ర ఘాట్ ఎక్కడానికి గంటా రెండు గంటల ముందు వేయాలి, వాంతి మొదలయ్యాక వేస్తే పెద్దగా లాభం ఉండదు. అత్తగారు బీపీ మాత్రల్లాంటివి వాడుతుంటే ముందే డాక్టర్ని అడగండి.

అరకులో ఆ సాయంత్రం గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, రెండూ దగ్గర దగ్గరే, నడక తక్కువ. బొంగులో చికెన్ తినాలంటే ముందు చెప్పి వెళ్ళి తిరిగి రండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. ముప్పావుగంట ఓపిక ఉండాలి, తొందరపెడితే బొంగు పైన నల్లబడుతుంది కానీ ముక్క లోపల ఉడకదు. నవరాత్రుల నియమం ఉన్న ఇల్లయితే పిల్లలకి ఆ సంగతి విజయవాడలోనే చెప్పండి, అరకు స్టాలు ముందు కాదు.

నాలుగో రోజు: మధ్యాహ్నానికి రోడ్డు మీద వైజాగ్. తిరుగు రైలు కిరండూల్ నుంచి వస్తుంది, ఆలస్యం మామూలే, పైగా చీకటి పడితే చూడ్డానికి ఏమీ ఉండదు. పాడేరు దగ్గర వంజంగి మేఘాల కొండ గురించి పిల్లలు రీల్స్ చూసి అడుగుతారు. దానికి తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాలి, కొండెక్కాలి. ఫిల్మ్ సిటీకి ఏడింటికి లేవనివాళ్ళు దీనికి మూడింటికి లేస్తారు, అదే విచిత్రం. మబ్బులు బాగా దిగేది నవంబరు నుంచి. ఈసారికి వదిలేయండి.

ఐదో రోజు: పొద్దున స్కూబా, మధ్యాహ్నమో సాయంత్రమో రైలు. పదేళ్ళు దాటిన పిల్లల్ని తీసుకుంటారు, మైనర్లు కాబట్టి మీ సంతకం కావాలి. ఆరోగ్యం ఫారంలో నిజం రాయండి. ఆస్తమా, చెవి ఆపరేషన్, ఫిట్స్ ఉంటే దిగకూడదు. జలుబు ఉన్నా దిగకూడదు, ఎందుకంటే ముక్కు మూసుకుపోతే చెవిలో ఒత్తిడి సరికాదు. దిగేటప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా చెవుల్లోకి ఊదాలి, నొప్పి పుట్టకముందే, కొంచెం కొంచెం లోతుకి ఒకసారి చొప్పున. నొప్పి వచ్చాక ఊదితే చెవి దెబ్బతింటుంది. ఒడ్డునే ఈ ఊదడం, మాస్క్‌లో నీళ్ళొస్తే తీయడం, చేతి సైగలు నేర్పకుండా నేరుగా పడవెక్కిస్తుంటే వెనక్కి వచ్చేయండి. మనిషికొక శిక్షకుడు ఉన్నాడా, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా అని అడగండి. అద్దాలు పెట్టుకుని మాస్క్ వేస్తే అంచు బిగియదు, నీళ్ళొస్తాయి. నంబరు అద్దాల మాస్క్ ఉందేమో ముందే ఫోన్లో కనుక్కోండి. టిఫిన్ రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు చాలు. వీడియోకి విడిగా డబ్బులు, అదెంతో దిగకముందే తేల్చుకోవాలి.

చివరగా వాన. అక్టోబరు ఇక్కడ తుపాన్ల నెల. హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టింది 2014 అక్టోబరు 12న. సముద్రం గరుగ్గా ఉంటే స్కూబా వాళ్ళే ఆపేస్తారు, అడ్వాన్సు తిరిగిస్తారా లేదా అన్నది వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. పెద్ద వానలకి కొండచరియలు విరిగి అరకు లైను కూడా ఆగిపోతుంటుంది. గదులు, ముందు రోజు దాకా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి.

జవాబు 6: బెర్తు నంబర్ 12

టికెట్ల గురించి రెండు ముక్కలు. ముందస్తు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజులకే, 2024 నవంబరు నుంచి. పొద్దున 8కి తెరుస్తారు. జన్మభూమి ఎక్కే రోజు, కిరండూల్ రైలెక్కే రోజు, తిరుగు ప్రయాణం, ఈ మూడింటికీ మూడు వేర్వేరు 60 రోజుల లెక్కలు. క్యాలెండర్ మీద గుండ్రాలు చుట్టి పెట్టుకోండి. విస్టాడోమ్ మొదటి రోజే అయిపోతుంది. తత్కాల్‌కి పోవాల్సి వస్తే ముందు రోజు ఏసీకి 10 గంటలకి, నాన్ ఏసీకి 11కి. ఆన్‌లైన్‌లో తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ కలిపి ఉండాలి, ఆ పని ఈ రోజే చేసేయండి. ఖాయమైన తత్కాల్ టికెట్టు రద్దు చేస్తే పైసా రాదు.

పన్నెండు నిండితే ఫుల్ టికెట్టే, కాబట్టి మీ ఐదుగురికీ పూర్తి ఛార్జీ. అత్తగారికి సీనియర్ సిటిజన్ రాయితీ ఉంటుందని అనుకోకండి, 2020 మార్చి నుంచి అది లేదు.

బెజవాడమ్మ

ఘాట్‌రోడ్డు గారూ, స్కూబా చివరికి మార్చాం. అబ్బాయికి కారణం చదివి వినిపిస్తే వాడే నైట్రోజన్ గురించి చెల్లెలికి పాఠం చెబుతున్నాడు. ఒక్క సందేహం: మావారు ఫిల్మ్ సిటీ ఇంకా వదల్లేదు.

జవాబు 7: పెద్దంబర్‌పేట చౌరస్తా

వదలనీకెందుకమ్మా, అత్తమ్మను తీసుకొని తల్లీకొడుకులిద్దరే పోయి రమ్మనండి. డిసెంబర్ నెలాఖరుల రాత్రిదాకా లైట్లు, ఊరేగింపులు ఉంటయి, దసరాకన్నా అప్పుడే బాగుంటది. వీక్‌డే చూసుకోవాలె. పొద్దున గేటు తెరిచే టైముకు ఉంటే మొదటి బస్సులల్ల ముందు సీటు దొరుకుతది, మోకాళ్ళకు కాళ్ళు చాపుకునే జాగ ఉంటది. చలికి శాలువా ఒకటి పెట్టండి, బస్సులకు కిటికీ అద్దాలుండయి.